ఓరుగల్లులో మిరపకాయ

'కాలదోషం' అనే మాట నేను మొదటిసారి విన్నది సాహిత్య సభలో కాదు, మా నాన్నగారి ట్రంకుపెట్టె దగ్గర. ఏడాదికోసారి ఆయన ఆ పెట్టె తీసి, ప్రోనోట్లన్నీ చాప మీద పరిచి, కళ్ళజోడు సవరించుకుంటూ తారీఖులు చూసేవారు. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే. బాకీ వుంటుంది, తీసుకున్నవాడు ఎదురింట్లోనే వుంటాడు, స్టాంపు మీద సంతకం వుంటుంది. కోర్టుకు వెడితే మాత్రం చెల్లదు. "మరి ఇంకా ఎందుకు దాచడం నాన్నా?" అని అడిగితే, "కాగితానికి నోరు పోయింది గానీ తల్లీ, బాకీ పోలేదుగా!" అనేవారు.

అదే మాట మళ్ళీ నా జీవితంలోకి వచ్చింది ఒక పాఠకుడి ఉత్తరం రూపంలో.

అప్పుడు నేను ఒక వారపత్రికలో కాకతీయుల కాలం నాటి కథతో సీరియల్ రాస్తున్నాను. తొమ్మిదో వారంలో, కథానాయిక నాయనమ్మ ఓరుగల్లులో తన పెరట్లో కూర్చుని ఎండుమిరపకాయలు వేయించి రోట్లో దంచుతూ వుంటుంది. ఆ ఘాటుకు కథానాయిక తుమ్ముతూ వచ్చి, నాయనమ్మ ఒళ్ళో తలపెట్టి, తనకు ఈ పెళ్ళి ఇష్టం లేదని చెబుతుంది. ఘాటు వల్ల వచ్చిన కన్నీళ్ళేవో, మనసులోంచి వచ్చిన కన్నీళ్ళేవో నాయనమ్మకు తెలియదు. బాగా రాశానని, నిజం చెప్పొద్దూ, నాకు నేనే మురిసిపోయాను.

పదిరోజుల తర్వాత రిటైరయిన చరిత్ర మాస్టారొకరు ఉత్తరం రాశారు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: ఓరుగల్లు పడిపోయింది 1323లో. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అక్కడికి చేరింది 1492లో, వాస్కోడగామా కోళికోడు చేరింది 1498లో. పోర్చుగీసువాళ్ళ ఓడలు వచ్చాకే మిరపకాయ మన దేశానికి వచ్చింది. "మీ నాయనమ్మగారికి ఆ మిరపకాయలు ఎవరిచ్చారమ్మా? ఇది కాలదోషం కాదా?"

ఉత్తరం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా అత్తయ్యగారు ఆవకాయ జాడీకి వాసెన కడుతున్నారు. సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే రుద్రమదేవి ఆవకాయ తినలేదన్నమాట!" అన్నారు జాలిగా.

"ఇప్పటి ఆవకాయ తినలేదండీ. ఆవపిండి వుంది, మిరియాలు వున్నాయి, పిప్పళ్ళు వున్నాయి. మిరపకాయే లేదు."

"మరి ఆ పౌరుషం అంతా ఎక్కడి నుంచి వచ్చిందే?" అన్నారావిడ.

నవ్వుకున్నాను గానీ, ఆ రాత్రి నిద్రపట్టలేదు. మిరపకాయ ఒక్కటేనా? సీతాఫలం పేరులో సీతమ్మ వుంది, పుట్టుక మాత్రం అమెరికాలో. జామపండూ అటువైపుదే. సంక్రాంతికి గొబ్బెమ్మలకు గుచ్చే బంతిపువ్వు మెక్సికో పువ్వు. మన జానపద చిత్రాల్లో, పౌరాణిక చిత్రాల్లో స్వయంవర మంటపాలన్నిటికీ బంతిపూల దండలే కదా! ఇంకో సంగతి. 15వ శతాబ్దం నాటి పోతనగారు కృష్ణుడి చుట్టూ గోపబాలుర్ని కూర్చోబెట్టి, చల్దుల్లోకి ఊరగాయలు పెట్టి తినిపించారు. మనం ఆ ఘట్టం చదివినప్పుడల్లా నోరూరేది ఎర్రటి ఊరగాయను తలుచుకునే. కానీ ఆ ఊరగాయలో మిరపకారం వుండే అవకాశం లేదు. ఆ ఎరుపు పోతనగారు వేసింది కాదు, చదువుతూ మనం వేసుకున్నది. అంటే కాలం తప్పే అలవాటు రాసేవాళ్ళకే కాదు, చదివేవాళ్ళకీ వుందన్నమాట.

ఇంతకీ ఈ తప్పును ఏమని పిలవాలి? ఇంగ్లీషులో దీనికి 'అనాక్రోనిజం' అని ఒక పేరుంది. గ్రీకు మాటల నుంచి వచ్చింది. క్రోనోస్ అంటే కాలం, దానికి ఎదురు నడవడం అనాక్రోనిజం. మనవాళ్ళు కొందరు కాలవ్యతిక్రమం అన్నారు, కొందరు కాలవిరోధం అన్నారు. ఎక్కువమంది నోట మాత్రం మా నాన్నగారి ప్రోనోటు మాటే నిలిచింది, కాలదోషం అని.

నా ఫిర్యాదు ఇక్కడే. ఒకే మాటతో మన సమీక్షకులు రెండు వేరువేరు నేరాలు మోపుతున్నారు. ఓరుగల్లులో మిరపకాయ వుంటే అది కాలదోషం. ఇవాళ ఎవరైనా ఉమ్మడి కుటుంబం మీద నవల రాస్తే, అదీ 'కాలదోషం పట్టిన' నవలే. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? మొదటిది ఇంకా రాని వస్తువును ముందే తెచ్చి పెట్టడం. రెండోది వెళ్ళిపోయిందని మనం అనుకుంటున్న వస్తువు ఇంకా వుండటం. పెళ్ళికి ముందురోజే అప్పగింతలు పెట్టడం వేరు, అప్పగింతలయ్యాక కూడా కదలకుండా కూర్చున్న చుట్టం వేరు. మొదటిది రచయిత చేసిన పొరపాటు. రెండోది చాలాసార్లు లోకంలో వున్న నిజమే. జాడీకి వాసెన కట్టే మా అత్తయ్యగారు ఈ కాలంలోనే వున్నారు, ఈ కాలంలోనే కూరలవాడితో బేరమాడుతున్నారు. ఆవిణ్ణి కథలో పెడితే కాలదోషం ఎలా అవుతుంది? ఆవిణ్ణి చూడటం మానేసినవాళ్ళదే దోషం.

కాబట్టి నా మటుకు నేను, కాలంచెల్లిన దానికి 'కాలదోషం' అనే మాటనే వదిలేసి, కాలం తప్పి వచ్చిన దానికి 'కాలవిరోధం' అనే మాట వాడుకుంటాను. ఆ మాట నేను కల్పించింది కాదు. ఎంతో పాతది.

దండి తన కావ్యాదర్శంలో కావ్యదోషాలు పది చెప్పాడు. చివరి దోషంలో దేశవిరోధం, కాలవిరోధం, లోకవిరోధం వంటివి వస్తాయి. కాలవిరోధానికి ఆయన ఇచ్చిన ఉదాహరణలు చూస్తే ముచ్చటేస్తుంది. రాత్రిపూట తామర విచ్చుకోవడం, పగటిపూట కలువ విచ్చుకోవడం, వేసవిలో మబ్బులు కమ్ముకోవడం, ఇలాంటివి. అంటే ఆయన దృష్టిలో కాలమంటే పగలూ రాత్రీ, ఋతువులూ. ఏ శతాబ్దంలో ఏ కాయ వచ్చిందన్నది ఆయన లెక్కలో లేదు. అన్నట్టు దండి మరో మాట కూడా అన్నాడు. ఇవే విరోధాలు కవి నేర్పు వల్ల ఒక్కోసారి దోషాల లెక్కలోంచి తప్పుకుని గుణాలవుతాయట. ఈ వెసులుబాటు చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. నా మిరపకాయకు జామీను దొరికిందనుకున్నాను.

బి.ఏ. చదివే రోజుల్లో మాకు షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' వుండేది. సీజర్‌ను చంపడానికి కుట్ర పన్నుతున్న రాత్రి గడియారం మూడు కొడుతుంది. సీజర్ చనిపోయింది క్రీస్తుపూర్వం 44లో. గంటలు కొట్టే యంత్ర గడియారాలు ఐరోపాలో వెలసింది సుమారు 14వ శతాబ్దంలో. మా లెక్చరర్‌గారు "ఇది అనాక్రోనిజం, పరీక్షలో వస్తుంది, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. కానీ ఆ గడియారం అక్కడ ఏం చేస్తోందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. చీకట్లో ముసుగులేసుకున్న మనుషులు రేపటి హత్య గురించి గుసగుసలాడుతుంటే, టైము అయిపోతోందని చెప్పడానికి ఠంగు ఠంగుమని ఆ మూడు గంటలు కొట్టాలి. నీడగడియారం రాత్రి పనిచెయ్యదు, నీటిగడియారం చప్పుడు చెయ్యదు. నాటకం చూసేవాళ్ళ గుండె అదరాలంటే గంటే కొట్టాలి. అది కాలవిరోధమే, కానీ దండి చెప్పిన వెసులుబాటు దానికి వర్తిస్తుంది.

మన 'మాయాబజార్' సంగతీ అంతే. 1957లో వచ్చిన ఆ సినిమాలో శశిరేఖ పెట్టె తెరిచి ప్రియదర్శినిలో అభిమన్యుణ్ణి చూస్తుంది. ద్వాపరయుగంలో ఆ పెట్టె ఎక్కడిదని ఎవరైనా ఉత్తరం రాశారా? రాయరు. తీసినవాళ్ళకు అది తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు. తెలిసి ఆడే ఆటలో దోషం వుండదు.

మరి నా మిరపకాయ? అక్కడే నా జామీను రద్దయింది. నేను తెలిసి ఆడిన ఆట కాదది. తెలియక చేసిన పని. నేర్పు కాదు, మరుపు. అందుచేత మాస్టారికి క్షమాపణ చెబుతూ జవాబు రాశాను. సీరియల్ పుస్తకంగా వేసేటప్పుడు మిరపకాయలు తీసేసి మిరియాలు పెట్టాను. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనంలో, రేవులో సుంకం కట్టవలసిన సరుకుల్లో మిరియాలు కూడా వున్నాయి. రాతిమీద రాసిన సాక్ష్యం వుంది కనుక ఇక ఎవరూ నన్ను బోనెక్కించలేరు. మిరియాలు వేయించినా తుమ్ములొస్తాయి కదా! కథ ఏమీ చెడలేదు. రెండు నిమిషాల పని.

చూశారా, 'రెండు నిమిషాలు' అన్నాను. అసలు కథ ఇక్కడే మొదలయింది.

పుస్తకం ప్రూఫులు దిద్దుతుంటే నా కథానాయిక ఒకచోట "ఐదు నిమిషాల్లో వస్తాను" అంది. ఆగిపోయాను. నిమిషం అచ్చమైన సంస్కృతం మాట. మిరపకాయలాగా ఓడెక్కి రాలేదు. కానీ ఆ మాటకు పాత అర్థం రెప్పపాటు. అరవై సెకన్ల నిమిషం గడియారంతో వచ్చినది. ఐదు రెప్పపాట్లలో నాయకి కోటగుమ్మం దాటి చెరువుగట్టుకు ఎలా వెళ్ళొస్తుంది? ఆ కాలంలో వాళ్ళు లెక్కపెట్టింది గడియలు. గడియ అంటే మన లెక్కలో 24 నిమిషాలు. చూడబోతే మాట పాతదే, దానిలో పోసిన అర్థం కొత్తది. పాత జాడీలో కొత్త ఆవకాయ. ఇది మిరపకాయ కంటే దొంగ. మిరపకాయ ఎర్రగా కనిపిస్తుంది, ఇది కనిపించదు.

అక్కడ మొదలైన అనుమానం నన్ను పుస్తకం చివరిదాకా తరిమింది. ముప్పయ్యో వారంలో, పెళ్ళి వద్దని నాయకి తండ్రికి ఎదురుతిరిగే ఘట్టం వుంది. "నా వ్యక్తిత్వాన్ని చంపుకుని బతకలేను నాన్నగారూ!" అంటుంది. సీరియల్ వచ్చే రోజుల్లో ఆ ఒక్క వాక్యానికి నాకు వచ్చినన్ని మెచ్చుకోలు ఉత్తరాలు మరి దేనికీ రాలేదు. ఆడపిల్లలు రాశారు, తల్లులు రాశారు. చరిత్ర మాస్టారు కూడా ఆ వారం ఏమీ అనలేదు.

వ్యక్తిత్వం! ఇదీ సంస్కృతం మాటే. కానీ మనం ఇవాళ వాడే అర్థంలో, నేను వేరు, నా కులం వేరు, నా ఇల్లు వేరు, వీటన్నిటి కంటే నేనే ముఖ్యం అనే అర్థంలో, ఓరుగల్లు పిల్ల నోటికి ఆ మాట వస్తుందా? అది నా మాట. కాలేజీలో చదివి, నవలలు చదివి, వ్యాసరచన పోటీల్లో నేను నేర్చుకున్న మాట. నాయనమ్మ చేతిలో మిరపకాయ పెట్టినట్టే, మనవరాలి నోట్లో నా కాలం పెట్టాను. మిరపకాయకు ఒక మాస్టారు పట్టుకున్నారు. దీన్ని ఎవరూ పట్టుకోలేదు సరికదా, చప్పట్లు కొట్టారు. ఎందుకంటే మన కాలం మనకు తీపి. దాన్ని ఎక్కడ చూసినా అద్దంలో మొహం చూసుకున్నట్టు ముద్దొస్తుంది.

తీసేద్దామని కలం ఎత్తాను. తీసేసి, తలవంచుకుని తాళి కట్టించుకున్నట్టు రాద్దామా? "ఆ రోజుల్లో ఆడవాళ్ళు అంతే కదా" అని నాలో ఎవరో అన్నారు. వెంటనే చెంపలేసుకున్నాను. ఆ రోజుల్లో ఆడవాళ్ళంతా నోరులేని మనుషులని నాకెవరు చెప్పారు? అదీ ఈమధ్య కాలం మనం కట్టుకున్న బొమ్మే. ఒక కాలవిరోధాన్ని తీసి ఇంకో కాలవిరోధాన్ని పెట్టబోయాను.

శాసనాలు ఏం చెబుతున్నాయి? గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. శాసనం వేయించి అందులో తన పుట్టింటి కాకతీయ వంశాన్ని వరసగా చెక్కించింది. ఇవాళ చరిత్రకారులకు ఆ వంశక్రమం తెలియడానికి ఆ చెరువుగట్టు శాసనం పెద్ద ఆధారం. ఇక రుద్రమదేవి. శాసనాల్లో ఆవిడ రుద్రదేవ మహారాజు. మగపేరుతో రాజ్యం చేసింది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆవిడ మరణాన్ని చెబుతుంది. వీళ్ళెవరూ వ్యక్తిత్వం అన్న మాట ఎత్తలేదు. చెరువు తవ్వించారు, పేరు చెక్కించారు, సింహాసనం ఎక్కారు. వాళ్ళ 'నేను' పుణ్యంలో వుంది, వంశంలో వుంది, రాతిలో వుంది. లేకపోలేదు, మనకు అలవాటైన చోట లేదు, అంతే.

ఆ సంగతి తెలిశాక నాయకి చేత మూడు రాత్రులు తిరగరాయించుకున్నాను. పుస్తకంలో ఇప్పుడు ఆ పిల్ల ప్రసంగం చెయ్యదు. పెళ్ళికి ముందు తన మేనమామ ఇచ్చిన రెండు మర్తురుల నేలను గుడి దీపానికి దానం చేస్తానంటుంది. శాసనంలో తండ్రి పేరు, తాత పేరు వరసగా చెప్పి, ఇచ్చింది మాత్రం తానేనని చెక్కించమంటుంది. నేల దేవుడికి పోతే ఆ వరుడికి ఈ సంబంధం మీద మోజు వుండదని తండ్రికి తెలుసు, కూతురికీ తెలుసు. తండ్రి చాలాసేపు ఊరుకుని, "రాయి ఎంత ఎత్తుండాలి?" అని అడుగుతాడు. అంతే.

పుస్తకం వచ్చాక ఒక అమ్మాయి నాతో నిష్ఠూరమాడింది. "సీరియల్లో ఆ డైలాగు ఎంత బాగుందండీ! మేమంతా నోట్‌బుక్కుల్లో రాసుకున్నాం. ఎందుకు తీసేశారు?" అంది. దానికి నేను గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లకు ఆ వాక్యం అవసరమే కాబోలు. ఆమె ఇంట్లో ఏ తండ్రికి ఏ జవాబు చెప్పాలో నాకేం తెలుసు? కానీ ఆ వాక్యం కావాలంటే ఈనాటి కథలో, ఈనాటి పిల్ల నోట వుండాలి. అక్కడైతే అది బాకీ వసూలు చేస్తుంది. ఓరుగల్లు పిల్ల నోట పెడితే మన మాట మనమే విని సంతోషిస్తాం, ఆమె ఏమనేదో ఎప్పటికీ వినం. పాతకాలానికి వెళ్ళేది మనల్ని చూసుకోవడానికైతే, అంతదూరం పోవడం దేనికి? ఇంట్లో అద్దం వుందిగా.

కనుక సమీక్షకులకు నా మనవి ఒక్కటే. చారిత్రక నవల చేతికొస్తే మిరపకాయలు తప్పక ఏరండి. కాఫీలు, కుర్చీలు, జేబులు కూడా పట్టుకోండి. మేం దిద్దుకుంటాం, అవి రెండు నిమిషాల పనులు. కానీ అక్కడితో కలం మూయకండి. పాత్రలు ఎవరి మనసుతో ఆలోచిస్తున్నాయో కూడా చూడండి. మీకు బాగా నచ్చిన వాక్యం దగ్గర మరీ ఆగి చూడండి. అసలు కాలవిరోధం చాలాసార్లు అక్కడే దాక్కుని వుంటుంది, చప్పట్ల చాటున. అలాగే, కాలంచెల్లినట్టు కనిపించే పుస్తకాల మీద ఆ ముద్ర కొట్టబోయే ముందు కొంచెం తాళండి.

ఎందుకంటే మా నాన్నగారి ట్రంకుపెట్టెలో ఇంకో కిటుకు కూడా వుండేది. మూడేళ్ళు నిండేలోపు అప్పుతీసుకున్నవాడు వచ్చి, ఏ పది రూపాయలో కట్టి, నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తారీఖు నుంచి నోటుకు మళ్ళీ మూడేళ్ళ ఆయుష్షు. పాత పుస్తకాలూ అంతేననిపిస్తుంది నాకు. ఎవరో ఒకరు తెరిచి, దాని కాలాన్ని దానికి వుండనిచ్చి, మనసుపెట్టి ఒక్క పేజీ చదివితే, వెనకాల ఒక చెల్లు పడ్డట్టే.

కొత్త ప్రతి ఒకటి చరిత్ర మాస్టారికి పంపించాను. కార్డు రాశారు. మిరియాలు బాగున్నాయట. మర్తురుల లెక్క మాత్రం ఇంకోసారి చూసుకోమన్నారు.